పిడికెడు బియ్యంలో పసుపు గింజలు

జకరయ్యకు ఎట్టకేలకు నీకొలాయితులు దొరికారు. నిజానికి దొరికింది ఒక్క మనిషే. అతని కోపానికి ఆ ఒక్కరే చాలు.

గుడికి గోడలు లేని రోజులవి. డెల్టా ఊరి పేట చివర తాటాకు పాక, పేడతో అలికిన నేల, దూలానికి గంటగా వేలాడే రైలుపట్టా ముక్క. పాక మూలన ఒక కడవ ఉండేది. ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టేవాళ్లు. ఆదివారం కొంగున కట్టుకొచ్చి ఆ కడవలో పోసేవాళ్లు. కరువులో కూడా ఆ కడవ అడుగు కనబడిన ఆదివారం లేదు. ఈనాటి చందా పెట్టెలకు ఆ బరువు ఎక్కడిది!

ఆ బియ్యంతోనే బోధకుడు పరంజ్యోతి అయ్యగారి పొయ్యి వెలిగేది. మిగిలింది సోమవారం విధవరాళ్ల ఇళ్లకు వెళ్లేది. పంచే పని శిష్యుడు జకరయ్యది. బైబిలు బడి నుంచి కొత్తగా వచ్చాడు. మూడు వారాలుగా నీకొలాయితుల మీద ప్రసంగం రాస్తూ లాంతరు మసి చేస్తున్నాడు. గ్రంథం చివరి పుస్తకంలో రెండేసార్లు కనబడే తెగ అది. వాళ్ల క్రియలు ప్రభువుకు అసహ్యమన్న సంగతి తప్ప వాళ్లెవరో తేటగా ఎక్కడా లేదు.

ఆ ఆదివారం ఆ ప్రసంగమే చేశాడు. ఆరాధన అయ్యాక కడవలో చెయ్యి పెట్టి బిగుసుకుపోయాడు. బియ్యంలో పసుపు గింజలు! ముందురోజే ఊళ్లో పోలేరమ్మ కొలుపులు ముగిశాయి.

"ఎవరు పోశారివి?"

ఇళ్లకు బయలుదేరినవాళ్లంతా ఆగిపోయారు. సలోమమ్మ ముందుకొచ్చింది. కుప్పనూర్పుల్లో పాము కరిచి మొగుడు పోయి రెండేళ్లయింది.

"నేనే చిన్నయ్యగారూ. కొలుపుల్లో అండాలు తోమితే ఒళ్లో పోశారు. కడిగాను గానీ పసుపు వదల్లేదు."

"విగ్రహానికి పెట్టింది తిన్నావా?"

"తిన్నాను. మొదటి పిడికెడు మటుకు ఇక్కడికే తీశాను."

జకరయ్య గురువు వైపు తిరిగాడు. "విన్నారుగా అయ్యగారూ! విగ్రహాలకు పెట్టింది తినొచ్చన్నవాళ్లే నీకొలాయితులు. సంఘం పుస్తకంలో ఈమె పేరు కొట్టెయ్యాలి."

పేరు కొట్టేస్తే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం అందుకునే సంస్కారం ఉండదు. సమాధుల దొడ్లో చోటూ ఉండదు.

"బల్ల దగ్గరికి రావద్దంటే రాను," అంది సలోమమ్మ. "మా ఆయన పక్కన చోటు మటుకు తీసెయ్యకండి అయ్యగారూ."

"ఆ పసుపు బియ్యం నీకూ పోశారే ఆదెమ్మా, నువ్వు తెలివిగా దాచావు!" అని వెనక ఆడవాళ్లలో ఎవరో గొణిగారు.

అయ్యగారు ముక్కోపి. ఆ పేటకు పలకా బలపం తెచ్చినందుకు రాళ్ల దెబ్బలు తిన్న మనిషి. అరుస్తాడనుకున్నారంతా. అరవలేదు. చాప పరిచి కడవ దానిమీద బోర్లించాడు.

"కూర్చోరా. పసుపు గింజలు ఏరు."

జకరయ్య గొంతుక్కూర్చుని ఏరసాగాడు. అయ్యగారు ఎదురుగా కూర్చుని, దోసిలి పట్టి ఆ గింజలు అందుకున్నాడు.

"వాళ్లకా పేరు ఎక్కణ్నుంచి వచ్చిందిరా?"

"నీకొలాసు నుంచని కొందరు పెద్దలు రాశారండి. యెరూషలేములో ఏర్పరచిన ఏడుగురిలో కడపటివాడు. మంచివాడే, తరవాత దారి తప్పాడంటారు. నిజమో కాదో ఎవరికీ తెలీదు."

"తెలీనిది వదిలెయ్. తెలిసింది చెప్పు. ఆ ఏడుగురినీ ఏ పనికి ఏర్పరిచారు?"

చదువుకున్న జవాబే. జకరయ్య తలెత్తకుండానే అందుకున్నాడు.

"అన్నం పంచడానికండి. రోజూ పెట్టే కూటిలో కొందరు విధవరాళ్లను చిన్నచూపు చూస్తున్నారని గొడవైతే..."

అతని వేళ్లు బియ్యంలోనే ఆగిపోయాయి.

సలోమమ్మ ఇల్లు కాలవ అవతల. బల్లకట్టు కోసం కాసుకుంటే పూట గడిచిపోతుంది. ప్రసంగం తెమలడం లేదు. వచ్చే సోమవారం వెళ్దాంలే అనుకున్నాడు. అలా మూడు సోమవారాలు ఆమె వాటా కాలవ దాటలేదు.

తలెత్తి ఆమెను చూశాడు. ఆమె ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఇప్పుడూ అనేలా లేదు. చేతులు కట్టుకుని, తన పేరు ఏమవుతుందోనని చూస్తోంది.

"అయిందా?"

"ఇంకా రెండు మూడు ఉన్నాయండి."

"ఉండనీ." అయ్యగారు దోసిలిలోవి జాగ్రత్తగా తువ్వాలు కొసన ముడేసుకున్నాడు. "ఇవాళ నా ఎసట్లోకి ఇవే."

లేచి, దూలం మీదున్న సంఘం పుస్తకం దించాడు. దుమ్ము దులిపి, కలంతో సహా శిష్యుడి ముందు పెట్టాడు.

"నీకొలాయితులు ఎవరో నాకు నలభై ఏళ్లుగా తెలీదు. నీకు తెలిసింది. పేరు కొట్టెయ్యరా."

జకరయ్య కలం ముట్టలేదు. చాప మీది బియ్యం రెండు చేతులా గంపకెత్తాడు. ఒక్క గింజ నేల మీద పడితే అదీ ఏరి అందులో వేశాడు. గంప తలమీద పెట్టుకుని ఎండలోకి నడిచాడు.

సలోమమ్మ వెనకే పరుగెత్తింది. "అయ్యో, ఇటివ్వండి చిన్నయ్యగారూ, నేను మోస్తాను!"

"వద్దమ్మా," అన్నాడు జకరయ్య. "బల్లకట్టు ఉందేమో చూడు."