ఒక్కపొద్దు ఉన్న కుక్క

ఉరుకుందమ్మకు నలభై ఆరేళ్లు. వారానికి నాలుగు రోజులు ఒక్కపొద్దు ఉంటుంది.

సోమవారం శివుడికి, మంగళవారం ఊరి ఎల్లమ్మకు, గురువారం మఠానికి, శనివారం వెంకన్నకు. మిగిలిన మూడు రోజులూ మజ్జిగలో పిసికిన అన్నం నాలుగు ముద్దలు మింగి లేస్తుంది. మొగుడు గిడ్డయ్య టీకొట్టు దగ్గర కూర్చుని, "మా ఇంట్లో ఉండేది ఆడమనిషి కాదప్పా, దేవత" అని చెప్పుకుంటాడు. దేవతతో కాపురంలో ఆ సుఖం ఉంది. తిన్నావా అని అడగనక్కర్లేదు.

ఆ కార్తీకంలో ఆమె ఆదోని పక్కన గుట్ట మీదున్న మఠానికి వచ్చింది. మఠానికి గురువు మహంతమ్మ. అందరూ అవ్వ అంటారు. చిన్నప్పుడు మేకలు కాసుకునే మనిషి. పాత గురువు పెద్దాయన పోతూ పోతూ పీఠం ఆమెకిచ్చాడని నలుగురు మగ శిష్యులు అలిగి వెళ్లి తలా ఒక మఠం పెట్టుకున్నారు. అవ్వ వాళ్లను ఏనాడూ తలుచుకోలేదు. అంత తీరిక లేదు.

ఉరుకుందమ్మ అవ్వ కాళ్లకు మొక్కి కూర్చుంది.

"అవ్వా, నలభై ఒక్క రోజులు ఉత్త పాల మీద ఉంటా. నువ్వు సరే అను చాలు."

"ఎందుకుమే?"

"ధ్యానం కుదరట్లేదవ్వా. కండ్లు మూస్తే చాలు, తల పగిలిపోతాది. మనసు నిలవట్లేదు."

"తిండి మానేస్తే మనసే కాదు, కాళ్లు కూడా నిలవవు."

"నాకు అలవాటేలే అవ్వా."

ఆమె గాజులు మోచేతి దాకా జారి ఉన్నాయి. గుట్టెక్కేటప్పుడు మూడుసార్లు కూర్చుంది. ఆ ఒళ్లు నలభై ఒక్క రోజులు తట్టుకోదని చూసిన ఎవరికైనా తెలుస్తుంది. ఇంట్లో ఎవరూ చూడలేదు. అవ్వ సరే అంటే ఆమె ఆ రోజే మొదలుపెడుతుంది. కాదంటే ఇంకో మఠానికి పోతుంది. అక్కడ సరే అనే మగ గురువులకు కొదవ లేదు.

అవ్వ ఔననలేదు, కాదనలేదు.

"బూడిద మూడు దినాలుగా రొట్టె ముట్టట్లేదు. ఎందుకో చూసి చెప్పు. పశువుల డాక్టరమ్మకు కబురు పెట్టినా. ఇరవై ఊర్లు తిరుగుతాదంట, ఎప్పుడొస్తాదో. ఆమె వచ్చేదాకా దాని దగ్గరే ఉండు. నీ సంగతి ఆ తర్వాత."

బూడిద మఠం కుక్క. బూడిద రంగుది. తొమ్మిదేళ్లుంటాయి.

ఉరుకుందమ్మకు ఒళ్లు మండింది. తపస్సు అడిగితే కుక్కను చూపించింది ముసలామె. అయినా పైకి ఏమీ అనలేదు. అనకపోవడం కూడా ఆమెకు అలవాటే.

కుక్క సంగతి తేల్చడానికి అప్పటికే ఒక పండితుడు ఉన్నాడు. పంపాపతి సారు, రిటైరైన తెలుగు పంతులు, మఠంలో పెద్ద శిష్యుడు. ఆయన చాప మీద కూర్చుని నలుగురికీ చెబుతున్నాడు.

"అది అన్నం మానలేదమ్మా, త్యజించింది. రొట్టె వదిలింది ఎప్పుడు? కార్తీక సోమవారం. మూగజీవికి వారం ఎట్ల తెలిసింది? పూర్వజన్మ సంస్కారం. కండ్లల్లో నీళ్లు చూడండి. ఆనందబాష్పాలు!"

అప్పటికే ఇద్దరు ఆడవాళ్లు కుక్కకు బొట్టు పెట్టి, ముందొక అరటిపండు పెట్టి, దండం పెట్టుకుని పోయారు. అరటిపండు పంపాపతి సారు తిన్నాడు.

అటుగా పోతున్న అవ్వ ఆగింది.

"నోట్లోంచి కారే చొంగ కూడా ఆనందమేనా సారూ?"

సారు గొంతు సవరించుకున్నాడు. అవ్వ వెళ్లిపోయింది.

ఉరుకుందమ్మకు మాత్రం సారు మాటే నచ్చింది. తోడు దొరికినట్టయింది. కుక్క పక్కన కూర్చుని, "నువ్వూ నా మాదిరేనంటనే" అంది. కుక్క మొహాన్ని నేలకేసి రాసుకుంది.

సాయంత్రం పని గుర్తొచ్చి దవడ పట్టుకుని నోరు తెరవబోయింది. కుక్క గుర్రుమంది. చెయ్యి వెనక్కి లాక్కుంది. వంటింటి గడపలోంచి అవ్వ విసుక్కుంది.

"నీ నోట్లో ఎవరన్నా అట్ల చెయ్యి పెడితే ఊరుకుంటావామే?"

అవ్వ వచ్చి నేల మీద కూలబడింది. కుక్క చెంప మీద బయటినుంచే ఒకసారి నిమిరి చెయ్యి తీసేసింది. చెంచాడు గంజి పోసింది. మళ్లీ నిమిరింది, మళ్లీ తీసేసింది, మళ్లీ గంజి. పదిసార్లు.

"ఈ పూటకింతే."

"ఇంతేనా? చూడనే లేదు కదవ్వా."

"రేపు పెదవి ఎత్తనిస్తాది. తొందరుంటే నీది, దానిది కాదు."

రెండో రోజు పెదవి ఎత్తనిచ్చింది. మూడో రోజు మెత్తటి గుడ్డ వేలికి చుట్టుకుని చిగురు మీద ఆనించింది ఉరుకుందమ్మ. వాసనకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ముందు పళ్లు బాగానే ఉన్నాయి. లోపల దవడ పళ్ల మీద నీళ్లు కాచే కాగులో ఉప్పు పేరినట్టు పసుపుపచ్చటి గార. చిగుళ్లు ఎర్రగా ఉబ్బి, కుడి పక్క ఒకచోట చీము. గుడ్డ తీస్తే నెత్తురంటింది.

ఈ మూడు రోజులూ ఆమె అవ్వను అడుగుతూనే ఉంది. "నా ఒక్కపొద్దు సంగతేం చేసినావవ్వా?"

"కుక్క సంగతేం చేసినావు?" అని అవ్వ అడుగుతూనే ఉంది.

ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ స్కూటీ మీద వచ్చింది. షాహీన్ అనే చిన్న పిల్ల, కొత్తగా ఉద్యోగంలో చేరింది. హెల్మెట్ తీస్తూనే కుక్క బొట్టు చూసి, "ఇదెవరు పెట్టారు?" అంది. బూడిద తల ఒళ్లో పెట్టుకుని, టార్చి వేసి, లోపల చాలాసేపు చూసింది.

"దీనికేం పెడతారు?"

"ప్రసాదాలమ్మా" అన్నాడు పంపాపతి సారు గర్వంగా. "చక్కెర పొంగలి, బెల్లం, బిస్కెట్లు. భక్తులు ప్రేమగా పెడతారు."

"తొమ్మిదేళ్లలో ఎవరన్నా ఒక్కసారి నోరు తెరిచి చూశారా?"

"రోజూ భజన వింటుందమ్మా అది."

డాక్టరమ్మ ఆయన వైపు చూసి, చెప్పబోయింది మింగేసి, అవ్వ వైపు తిరిగింది.

"రోజూ గుడ్డతోనో మెత్తటి బ్రష్షుతోనో తోమాల్సిందవ్వా. కుక్కల పేస్టు వేరే ఉంటుంది. మనది పనికిరాదు, అది మింగేస్తుంది. ఇప్పుడు గార తీసి, కుళ్లిన పళ్లు పీకాలి. మత్తిచ్చి చెయ్యాలి, ఆదోని తీసుకురండి. ఇంకా వదిలేస్తే చీము ఎముకలోకి పోతుంది, అది చస్తుంది. దీన్ని దగ్గరుండి చూసుకుంది ఎవరు?"

అవ్వ ఉరుకుందమ్మను చూపించింది.

"ఎట్లా తింటోంది, ఎక్కడ బాధపడుతోంది, మీరు చూసింది చెప్పండమ్మా."

ఉరుకుందమ్మ ఆ మఠంలో అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

"రొట్టె నోట్లో పెట్టుకుని ఎడమ పక్కకు తిప్పుకుంటాదమ్మా. మళ్లీ కింద పడేస్తాది. కుడి పక్కకు మెతుకు పోయిందా, ప్రాణం చెవిలోకొస్తాది. చల్లనీళ్లయితే కణత దాకా గుంజుతాది. పండుకుంటే ఇంకా ఎక్కువ. దిండు కింద చెయ్యి పెట్టి దవడను నొక్కి పట్టుకుంటే రోంతసేపు తగ్గుతాది. మొదట్లో లవంగం పెడితే తగ్గేది. ఇప్పుడు దానిక్కూడా లొంగట్లేదు."

డాక్టరమ్మ రాసుకుంటున్నదల్లా ఆగింది.

"కుక్క దిండేసుకుంటుందా అమ్మా?"

పంపాపతి సారు పకపకా నవ్వాడు. ఇంకెవరూ నవ్వకపోయేసరికి సగంలో ఆపేశాడు.

ఉరుకుందమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అవ్వ లేచి వచ్చింది. డాక్టరమ్మ చేతిలోంచి టార్చి తీసుకుంది. ఉరుకుందమ్మ ఎదురుగా కూర్చుని, చెంప మీద ఒకసారి నిమిరి చెయ్యి తీసేసింది. మళ్లీ నిమిరింది. కొంగు తనంతట తానే జారేదాకా ఆగింది.

"తెరువు."

ఉరుకుందమ్మ తెరిచింది.

అవ్వ టార్చి వేసి చూసింది. కుడి పక్క కింది దవడలో రెండు పళ్లకు గోడలే మిగిలాయి. మూడోది నల్లగా పుచ్చి ఉంది. చిగురు కుక్క చిగురు రంగులోనే ఉబ్బి ఉంది. డాక్టరమ్మ కూడా వంగి చూసి, "యా అల్లా" అంది మెల్లగా.

"ఎన్నేండ్లు?" అని అడిగింది అవ్వ.

"ఆరు."

"ఇంట్లో చెప్పలేదా?"

"చెప్పినా. ఉప్పునీళ్లు పుక్కిలించుమన్యారు. పత్తి అమ్ముడుపోనీ, పోదాం అన్యారు. మల్లా ఏడాది మిరప అన్యారు."

"ఒక్కపొద్దులు ఎప్పట్నుంచి?"

ఉరుకుందమ్మ నేల చూపులు చూసింది. కుక్క ఆమె మోకాలికి ఆనుకుని పడుకుంది.

"ఒక మంగళవారం నమలలేక పండుకున్నానవ్వా. మా అత్త వచ్చి, ఏమ్మే, ఒక్కపొద్దా అనడిగింది. ఊఁ అన్యా. లేచి పోయి గ్లాసులో పాలు తెచ్చి నా చేతికిచ్చింది. ఆ దినం నన్ను కల్లంలోకి పోనియ్యలేదు. నేనా ఇంటికొచ్చి పాతికేండ్లు. నొప్పి అంటే ఎవరూ ఒక చుక్క నీళ్లియ్యలేదు."

పంపాపతి సారు గొంతు సవరించుకున్నాడు. "ఏ కారణం చేత మొదలైనా అవ్వా, వ్రతం వ్రతమే కదా. ఫలం..."

"సారూ" అంది అవ్వ. "నీకెన్ని పళ్లున్నాయి?"

"ముప్పై రెండూ ఉన్నాయవ్వా. రెండు కట్టించుకున్నా. మా ఆవిడే పట్టుబట్టి కర్నూలు తీసుకుపోయింది."

"మీ ఆవిడకెన్ని ఉన్నాయి?"

సారు నోరు తెరిచి, ఆలోచించి, మూసుకున్నాడు.

డాక్టరమ్మ మందుల చీటీ రాసింది. బ్రష్షు ఎలా పట్టుకోవాలో, చిగురు వెంట మెల్లగా ఎలా తిప్పాలో కుక్క ముందు పళ్ల మీద చూపించి, బ్రష్షు ఉరుకుందమ్మకు అందించబోయింది. తప్పు ఆ పిల్లది కాదు. ఆడమనిషి కనిపిస్తే ఇలాంటివన్నీ అటే పోతాయి. అవ్వ దాన్ని మధ్యలోనే అందుకుని పంపాపతి సారు చేతిలో పెట్టింది.

"నేనా అవ్వా? దాని నోట్లోనా?"

"రోజూ పొద్దున. భజనకు ముందు."

"కరిస్తే?"

"పూర్వజన్మ సంస్కారం ఉండాది కదా. నిన్ను కరవదులే."

డాక్టరమ్మ స్కూటీ దిగువకు పోయింది. జనం లేచారు. ఉరుకుందమ్మ మాత్రం కదలలేదు. మొండిదే ఆమె. ఆరేళ్లు ఒకదాన్ని పట్టుకుని బతికిన మనిషి అంత తేలిగ్గా వదలదు.

"అయితే నా నలభై ఒక్క రోజులకు సరే అంటావా, అనవా అవ్వా?"

అవ్వకు నిజంగానే విసుగొచ్చింది. టార్చి ఆర్పి పక్కన పెట్టింది. మోకాళ్ల మీద చేతులానించి లేచి నిలబడింది.

"కుక్క ఆరు దినాలు తినకపోతే డాక్టరు బండేసుకుని గుట్టెక్కిందిమే."

అంతే అని వంటింట్లోకి పోయింది.

మర్నాడు బూడిదను ఎక్కించిన ఆటోలో ఉరుకుందమ్మ కూడా ఎక్కింది. ఆదోనిలో పళ్ల డాక్టరు దగ్గర మూడు పళ్లు పీకించుకుంది. ఇంటికి కబురు పంపలేదు.