మూడిళ్ళకి పంచిన మూడు ముళ్ళు

బొబ్బిలిలో తెలివంటూ ఉంటే అది తమ మూడిళ్ళలోనే ఉందని గవరయ్య, సన్యాసి, పైడియ్యల నమ్మకం. ముగ్గురూ అన్నదమ్ములు, పక్కపక్క ఇళ్ళు, పని పెళ్ళి వీడియోలు తియ్యడం. "మనల్ని సూసి ఊరు నేర్సుకోవాల" అనేవాడు పెద్దవాడు గవరయ్య, చొక్కా తిరగేసి తొడుక్కుని.

ఒకరోజు మెకానిక్కు వచ్చి మూడిళ్ళ కంప్యూటర్లనీ వైర్లతో కలిపాడు. వెళ్తూ చెప్పాడు: "ఇక వీటిలో పెద్దదీ లేదు, చిన్నదీ లేదు. ఒకదానికి పని ఎక్కువైతే ఖాళీగా ఉన్నది అందుకోవాలి. ప్రతి వీడియో మూడిళ్ళలోనూ ఉంచండి. చోటు చాలకపోతే, పక్కింట్లో ఉన్నదాన్ని మీ దగ్గర తీసెయ్యండి."

అంతే. ఆ మధ్యాహ్నం భోజనంలో గవరయ్యకి పొట్ట నిండింది. మిగిలిన అన్నం ఎత్తుకుని, "ఖాళీగా ఉన్నది అందుకోవాల" అంటూ సన్యాసి ఇంటికి పరుగెత్తాడు. సన్యాసికి నిండాక కంచాలు రెండూ పైడియ్య ఇంటికొచ్చాయి. పైడియ్య పొట్ట పట్టుకుని, "అన్నియ్యా, నా తరవాత మరో ఇల్లు లేదేటి?" అని ఏడ్చాడు.

అప్పుడే ఎదురింటి రమణమ్మ వచ్చింది. పోయిన నెల ఆమె కూతురు గౌరి పెళ్ళి వీడియో తీసింది వీళ్ళే.

"ఒరే, తాళి కట్టే వేళకి సాంబారు అడుగంటిందని వంట కాడికి పరిగెట్టాను. ఒక్కగానొక్క కూతురు. ఆ ముచ్చట కళ్ళారా సూడలేదు. ఆ ముక్కొక్కటి సూపించండర్రా."

"ఓస్, అంతేనా అత్తా!" అని గవరయ్య కంప్యూటరు తెరిచాడు. లేదు. "తమ్ముళ్ళ దగ్గరుందిగా అని నాను తీసేశాను."

"అదేటి! నీ దగ్గరుందిగా అని నానూ తీసేశాను" అన్నాడు సన్యాసి.

"మీ ఇద్దరి దగ్గరా ఉందిగా, ఇంక నాకెందుకని..." అన్నాడు పైడియ్య.

ఇంకేముంది! రమణమ్మ గుమ్మంలో కూలబడింది. "నా కూతురి పెళ్ళి మింగేశారు కదర్రా!"

"ఏడవకత్తా. తాళి మళ్ళీ కట్టించేద్దాం" అన్నాడు గవరయ్య.

అల్లుడు సింహాద్రి మిలటరీలో పనిచేస్తాడు. సెలవు అయిపోయింది, సాయంత్రం బండికి వెళ్ళిపోతాడు. అత్తగారి మొహం చూసి సరేనన్నాడు.

"మూడు ముళ్ళూ ఒకే ఇంట్లో వేస్తే ఆ ఇంటికి బరువు కాదేటి?" అన్నాడు గవరయ్య. అంతే, ఇంటికో పసుపుతాడు, తాడుకో ముడి.

మొదటి ఇంట్లో వీధంతా మూగింది. "అత్తా, ఇక్కడ జనం ఎక్కువ. పైడియ్య ఇల్లు ఖాళీ, అక్కడ కూకో" అని రమణమ్మని పంపేశారు. ఆవిడ ఆ ఖాళీ ఇంట్లో కూర్చునే ఉంది. ఇక్కడ గౌరి మెడలో ఒక ముడి పడింది. సన్యాసి ఇంట్లో రెండోది పడింది. మూడో ఇంటికి బయల్దేరేలోగా బండి టైమైందని అల్లుడు ఆటో ఎక్కేశాడు.

"పోనీ, ఆ రెండు ముళ్ళైనా సూపించండి" అంది రమణమ్మ.

సన్యాసి తీస్తాడని గవరయ్య తియ్యలేదు. అన్నియ్య తీశాడుగా అని సన్యాసి తియ్యలేదు.

"ఇంకో ముడి ఉందిగా! ఈసారి ముగ్గురం తీద్దాం" అని మూడు కెమెరాలు, మిగిలిన పసుపుతాడు, రమణమ్మ, అందరూ స్టేషనుకి పరుగు. బండి కదలబోతోంది. అల్లుడు తలుపు దగ్గర నిలబడి, కన్ను సిగ్నల్ మీద పెట్టి, తాడు అందుకున్నాడు.

"తొందరగా రమ్మనండి, గౌరేది?"

గవరయ్య సన్యాసిని చూశాడు. సన్యాసి పైడియ్యని చూశాడు. "నువ్వు తెస్తున్నావు కదేటి?"

బండి కూత వేసింది. రమణమ్మ గుండె బాదుకుంది. ఆవిడ బాధ పైడియ్య చూడలేకపోయాడు. "ఖాళీగా ఉన్నది అందుకోవాల! నా మెడ ఖాళీయే!" అని, కెమెరా పట్టిన చెయ్యి దించకుండానే మెడ చాచాడు.

సిగ్నల్ చూస్తూనే సింహాద్రి గబగబా ముడి వేసేశాడు. బండి వెళ్ళిపోయింది.

రమణమ్మ ఎట్టకేలకి అల్లుడు తాళి కట్టడం కళ్ళారా చూసింది. ఆ వీడియో మూడిళ్ళలోనూ భద్రంగా ఉంది. చోటు చాలక ఊళ్ళో మిగతా పెళ్ళిళ్ళన్నీ తీసేశారు.