తిమింగలం గుండె, చిట్టెలుక గుండె

ఒకప్పుడు తిమింగలం, చిట్టెలుక ఒకే తల్లి బిడ్డలు. ఇద్దరూ మేకపిల్లంత ఉండేవాళ్లు. తిమింగలం అక్క, ఎలుక చెల్లెలు. సముద్రం ఒడ్డున, మొగలిపొదల కింద ఒక బొరియలో ఉండేవాళ్లు.

కొన్ని ఉదయాలు ఆ ఒడ్డుకు దట్టంగా మంచు వచ్చేది. మంచులో ఏదో నడిచేది. దాన్ని చూసినవాళ్లు లేరు. అది గుండె చప్పుడు విని వచ్చేదట. మంచు విడిపోయాక ఇసుకలో కుందేలు అడుగులు కనిపించేవి. కొంతదూరం వెళ్లి, ఉన్నట్టుండి ఆగిపోయేవి. ఆ పక్కన వేరే అడుగులేవీ ఉండేవి కావు.

వాళ్లమ్మ అడుగులు కూడా అలాగే ఆగిపోయాయి.

ఒకరోజు మంచు బొరియ దాకా వచ్చింది.

"పిల్లలూ, చలేస్తోంది. తలుపు తీయండి," అంది బయట అమ్మ గొంతు.

"అమ్మ!" అని చెల్లెలు లేచింది.

అక్క దాని తోక పట్టి లాగింది. "మన బొరియకు తలుపెక్కడుందే? అమ్మకు తెలియదా?"

తర్వాత అదే గొంతు, ఇంకా దగ్గరగా, "రెండు గుండెలు వినిపిస్తున్నాయి," అంది.

అక్క చెల్లెలి చెవిలో చెప్పింది. "నేను పరిగెడతాను. అది నా వెంట పడుతుంది. నువ్వు కిందికి తవ్వుకుంటూ పో. ఎవరు పిలిచినా రాకు. నా గొంతయినా సరే, నమ్మకు."

ఒక్క ఉరుకున వెళ్లి సముద్రంలో దూకింది. మంచు వచ్చి నీళ్లమీద కూర్చుంది.

"నెమ్మదిగా కొట్టుకోవే గుండే, నీకు దండం పెడతా," అని అక్క బతిమాలుకుంది. గుండె విన్నది. ఒకసారి కొట్టుకుంది. చాలాసేపటికి ఇంకోసారి. ఊపిరి బిగబట్టీ బిగబట్టీ అక్క ఒళ్లు ఉబ్బింది. పడవంత అయింది. కొండంత అయింది.

చెల్లెలేమో మట్టిలో మొగలి వేళ్ల సందుల్లో దూరీ దూరీ పిడికెడంత అయిపోయింది. అక్కకేమైందోనని దాని గుండె టకటకా కొట్టుకుంది.

ఎప్పటికో మంచు పోయింది. అక్క పైకి తేలి, బుస్సుమని ఊపిరి వదిలింది.

"చెల్లీ! అది పోయింది, రావే!"

చెల్లెలు బొరియలోంచి ముక్కు మాత్రం బయటపెట్టింది. "నువ్వు అక్కవేనా?"

"అక్కనేనే!"

"అదీ అలాగే అంటుందిగా," అని లోపలికి పోయింది.

అప్పటినుంచే తిమింగలం గుండె అంత నిదానంగా కొట్టుకుంటుంది. అది నీళ్లపైకి వచ్చి, గట్టిగా ఊపిరి వదిలి, మళ్లీ మునిగిపోతుంది. ఎలుక గుండె టకటకా కొట్టుకుంటూనే ఉంటుంది. బొరియ అంచున ఆగి, చెవులు రిక్కించి వింటుంది. ఎంత ముద్దుగా పిలిచినా రాదు.