నాంచారు చూడని చుక్క

ఇదిగో, ముందే చెప్తున్నా. కథలు చెప్పడం నాకెవరూ నేర్పలేదు. వంటా ఎవరూ నేర్పలేదు, అది మీరు రోజూ తింటూనే ఉన్నారు. కాబట్టి మధ్యలో ఉప్పు తక్కువైతే సర్దుకోండి. ఊ కొట్టడం మానారో, నేను నిద్రపోతాను. కథ సగంలో ఆగిపోతే ఆ పాపం మీదే.

అనగా అనగా అని మా అమ్మమ్మ అంటుంటే విన్న ఊరొకటుంది. ఆ ఊరికో రాజున్నాడు. ఆయనతో మనకి పనిలేదు, కోటలో పడుకున్నాడు, పడుకోనివ్వండి. ఆ ఊళ్ళో పేరిందేవమ్మ అనే ఆవిడకి ఒక్కడే కొడుకు, సూరన్న. మెతక మనిషి. ఎంత మెతకంటే, గేదె పలుపు తెంపుకుంటే ఇంకో పలుపు పట్టుకెళ్ళి, ఇది నీకు నచ్చిందా అని అడిగే రకం. వాడికి పక్కూరి పిల్ల నాంచారుని చేసుకున్నారు.

నాంచారు పనిమంతురాలు. చేట పట్టిందంటే బియ్యంలో రాయి మిగలదు, వడ్లగింజ మిగలదు, చీమ కాలు మిగలదు. సూదిలో దారం ఒక్క పోటుకే ఎక్కించేది. కాకపోతే జానెడు దాటిందంటే, ఆ పిల్లకి లోకమంతా గంజిలో ముంచి తీసినట్టుండేది. చెట్టంటే పచ్చటి ముద్ద. మనిషంటే చీర రంగు, కాలి చప్పుడు. దీపమంటే పగిలిన పత్తికాయ. చందమామంటే పెనం మీద చెదిరిపోయిన అట్టు.

మరి ఎవరికీ చెప్పలేదా అంటారు. ఏమని చెప్తుందర్రా? పుట్టినప్పట్నుంచీ అంతే. అందరికీ అంతే కాబోలనుకుంది. చుక్కలు, చుక్కలు అని జనం అంటుంటే, ఇంద్రలోకం, ఐరావతం అన్నట్టే అదీ ఓ మాట, ఎవరూ చూడరు గానీ అందరూ చెప్పుకుంటారు అనుకుంది. ఊ కొడుతున్నారా? ఆ.

పెళ్ళి రాత్రి పంతులుగారు పెళ్ళికూతుర్ని వాకిట్లోకి తీసుకొచ్చి ఉత్తరం కేసి వేలు చూపించారు. మంచం కోళ్ళలా నాలుగు చుక్కలు, తోకలా మూడు చుక్కలు, తోకలో నడిమి చుక్క వశిష్ఠుడు, ఆయన్ని ఆనుకుని నలుసంత చుక్క అరుంధతి, కనపడిందా అమ్మా అన్నారు. అలా అడగడం ఆచారం. కనపడిందండీ అనడమూ ఆచారమే. ఆ ఊరు పుట్టాక ఇంకో జవాబు చెప్పిన పెళ్ళికూతురు లేదు.

నాంచారు కళ్ళు చికిలించింది. పైన నల్లటి కంబళి తప్ప ఏమీ లేదు. అబద్ధమాడితే కళ్ళు పోతాయని వాళ్ళమ్మ చిన్నప్పుడు చెప్పింది.

“లేదండీ, నాకేం కనపడలేదు” అంది.

పంతులు గుటక మింగాడు. పంతులు మింగిందేమిటని పేరిందేవమ్మ అడిగింది. పేరిందేవమ్మకి చెప్పింది పెత్తల్లి విన్నది. పెత్తల్లి విన్నది పందిరంతా విన్నది. పందిరి విన్నది తెల్లారేసరికి ఊరంతా విన్నది. ఏమిటంటే, అరుంధతి కనపడని మనిషికి ఏడాది తిరగదు. చావు దగ్గరపడ్డ కళ్ళకే ఆ చుక్క దాక్కుంటుంది. పెద్దలు చెప్పిన మాట.

అత్తవారింట తిట్టలేదు, కొట్టలేదు. ఆ ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్ళు కారు, అదే వచ్చిన చిక్కు. పోయే పిల్లని ఎవరు తిడతారు? అలాగని పోయే పిల్లకి ఎవరేం పెడతారు? పండక్కి బట్టలు తీస్తుంటే, పోయే పిల్లకి చీరెందుకు అన్నారు. పూలబుట్ట వాకిట్లోకొస్తే, పోయే పిల్లకి పూలెందుకు అన్నారు. కంసాలి వస్తే, పోయే పిల్లకి పట్టీలెందుకు అన్నారు. ఆవకాయ పెట్టేటప్పుడు పేరిందేవమ్మ ఇంట్లో తలలు లెక్కపెట్టుకుని, ఒక తల తీసేసి మామిడికాయలు కొట్టించింది.

సూరన్న సంగతి చెప్పనే అక్కర్లేదు. పెళ్ళానికి ఎంత దగ్గరైతే రేపు అంత ఏడవాలని అరుగు మీద పడక వేసుకున్నాడు. అన్నం వడ్డిస్తే విస్తరిని చూసేవాడు. నాంచారు పెరట్లో ఉంటే వాడు గొడ్లపాక గుమ్మంలో నిలబడేవాడు. అక్కడ ఆ పిల్లకి ఓ తెల్లటి మసక కనపడేది. అది మొగుడో, ఆరేసిన పంచో తెలిసేది కాదు.

మొదట్లో నాంచారు ఏడ్చింది. ఏడిచి ఏడిచి, చివరికి తనూ ఆ మాటే నేర్చుకుంది. బీరపాదుకి నీళ్ళు పోయబోయి, కాయ కాసేసరికి నేనుండను కదా అని చెంబు దించేసింది. తల దువ్వుకోబోయి, పోయేదానికి జడెందుకని ముడి చుట్టేసింది. రోజూ పొద్దున్నే కళ్ళు తెరిచి, అయ్యో, ఇంకా పోలేదా అనుకుని సిగ్గుపడేది. అత్తవారి బియ్యం దండగవుతున్నాయని రెండు ముద్దలు తక్కువ తినేది. అలా తింటే మనిషి చిక్కదూ? చిక్కింది. చిక్కితే ఊరేమంది? చూశారా, అరుంధతి ఊరికే దాక్కుంటుందా అంది.

పడుకున్నారా? లేదుగా? మరి ఊ అనండి.

మాఘం పోయింది, ఫాల్గుణం పోయింది, చైత్రం నడుస్తోంది, పెళ్ళై ఏడాది నిండవస్తోంది. పేరిందేవమ్మ సూరన్నకి రెండో సంబంధం చూసింది. దీపం ఆరాక అగ్గి వెతుక్కుంటామా, ఆరకముందే చూసుకోవాలంది. సూరన్న ఊ అనలేదు, ఊహూ అనలేదు. నాంచారు దగ్గర కూర్చుని ఆ సంగతి చెప్పింది కూడా పేరిందేవమ్మే.

“మంచిదే అత్తయ్యా. ఆ అమ్మాయికి చుక్క కనపడుతుందో లేదో ముందే అడగండి” అంది నాంచారు. ఎత్తిపొడుపు కాదర్రా, నిజంగానే అంది. అని, తన పుట్టింటి చీరలు చింపి, వచ్చే పిల్లకి బొంత కుట్టడం మొదలుపెట్టింది. కుట్టు మటుకు ముత్యాల్లా పడింది.

రేపు తాంబూలాలనగా, పొద్దు వాటారే వేళ సులోచనాలమ్మేవాడు వచ్చాడు. సులోచనాలంటే కళ్ళజోళ్ళే. తట్టలో గడ్డి పరిచి, కోడిగుడ్లు పేర్చినట్టు పేర్చుకొచ్చాడు. పేరిందేవమ్మకి సూది బెజ్జం కనపడక చాలా కాలమైంది.

“ఏవయ్యోయ్, ఇవి పెట్టుకుంటే కళ్ళు కనపడతాయా, చెవులు బరువెక్కడమేనా?”

“పెట్టి చూడమ్మా. కనపడితే కొను. కనపడకపోతే తిట్టు.”

పెట్టింది. చేతులు ముందుకి చాపింది. “ఒరే సూరీ! నా గోళ్ళలో ఇంత మట్టుందేవిట్రా? ఇన్నాళ్ళూ ఈ చేత్తోనేనా మీకు పప్పు కలిపి పెట్టాను?” అని కేకేసింది.

పొయ్యి ముందున్న నాంచారు ఆ కేక విన్నది. అంత కాలంలో మొట్టమొదటిసారి ఆ పిల్ల గుండెలో ఏదో కదిలింది. వెళ్ళి, అత్తయ్యా, ఒక్కసారి ఇవ్వరూ అంది. ఇస్తే పెట్టుకుంది. పెట్టుకుంటే, ఉన్న మసక కాస్తా ముసురైంది. ఎదురుగా ఉన్న అత్తగారి మొహంలో బొట్టు కరిగి ముక్కులో కలిసింది, ముక్కు కరిగి నోట్లో కలిసింది. మెల్లిగా తీసి ఇచ్చేసింది.

“చూశావా తల్లీ, పైవాడు రాసింది అద్దాలు మారుస్తాయా?” అంది పేరిందేవమ్మ. జాలిగానే అంది.

నిజమేనండీ అంది నాంచారు. లోపల కదిలింది మళ్ళీ కదల్లేదు. ముసలావిడకి దగ్గరది కనపడదు, పిల్లకి దూరానిది కనపడదు, ఒకరి మందు ఇంకొకరికి పనికిరాదు. ఆ ముక్క చెప్పేవాళ్ళే ఆ ఊళ్ళో లేరు. అమ్మేవాడికీ తెలీదు. అద్దమంటే అద్దం, కన్నంటే కన్ను, అంతే.

బేరమైంది. ఇక కొసరు.

“అద్దాలకి కొసరేవిటమ్మా, కొత్తిమీరా?” అన్నాడు వాడు.

“కొసరు లేకుండా ఈ గడపలో ఉప్పుగల్లు కూడా కొనలేదు నాయనా, నా నోటికి పని చెప్పకు” అంది పేరిందేవమ్మ.

వాడు తట్ట అడుగున వెతికి ఓ జోడు తీశాడు. ఇది పెట్టుకుంటే ఏనుగు ఎలకలా కనపడుతుందమ్మా, చెడిపోయిన జోడు, ఏ ఊళ్ళోనూ ఎవరూ కొనడం లేదు, పారేయలేక మోస్తున్నానన్నాడు. పేరిందేవమ్మ పెట్టి చూసింది. వాకిలి గిర్రున తిరిగింది. “ఛీ, పాడు!” అని తీసి, “పోయే పిల్లకి ఇది చాల్లే” అంటూ నాంచారు ఒళ్ళో పడేసింది.

ఇచ్చింది వద్దంటే బాగుండదని నాంచారు పెట్టుకుని, పక్కనే ఉన్న పెరటి కేసి తిరిగింది.

పెరట్లో పచ్చటి ముద్ద పగిలిపోయింది. పగిలి ఆకులైపోయింది. ఒక్కో ఆకూ దేనికదే ఊగుతోంది, దేనికదే ఆగుతోంది, ఒక్కోదానికి రంపప్పళ్ళలాంటి అంచు. ఇన్ని ఆకులు ఎవరు కూర్చుని అతికించారు అనుకుంది. కిందకి చూస్తే నేల గోతిలోకి జారిపోయింది, తన కాళ్ళు ఎవరివో చిన్నపిల్లవిలా ఎక్కడో ఉన్నాయి. ఎండలో కోడిపెట్ట నడిచినట్టు అడుగు ఎత్తెత్తి వేసింది. గోడ పట్టుకుని తలెత్తింది.

గొడ్లపాక గుమ్మంలో మసక లేదు. మనిషున్నాడు. ఆ మనిషి తనకేసే చూస్తున్నాడు. చెంపల మీద తడి మెరుస్తోంది, తుడుచుకోవడం లేదు. తుడుచుకోవడమెందుకు? తనెంత చూసినా ఈ పిల్ల తిరిగి చూడదు, తనంటే ఇష్టం లేదు అని వాడికి ఖాయమైపోయింది. ఏడాదంతా వాడు చూశాడు. ఏడాదంతా ఆమెకి పంచె కనపడింది.

నాంచారు అరుగు వైపు తిరిగింది. అత్తగారి మొహం ఎలా ఉంటుందనుకునేది? కోరలుంటాయనుకునేది. దూరం నుంచి గొంతే తప్ప మొహమెప్పుడూ తేటగా చూళ్ళేదుగా. చూస్తే, ఓ ముసలావిడ, భయపడిపోయి, ఇంట్లో శవాన్ని పెట్టుకుని కాపలా కాస్తున్నదానిలా కూర్చుని ఉంది.

వెళ్ళి పెరట్లో చతికిలబడింది. పొద్దు కుంకింది. ఎదురుగా ఆకాశంలో ఓ నలుసు కనపడింది. అద్దానికి దుమ్ము పట్టిందనుకుని పైటచెంగుతో తుడిచింది. మళ్ళీ పెట్టుకుంటే దుమ్ము రెండైంది. తుడిచింది, నాలుగైంది. తుడిచేకొద్దీ పెరుగుతోంది. అప్పుడు తుడవడం మానేసి, అలా చూస్తూ ఉండిపోయింది. చుక్కలంటే మాట కాదన్నమాట.

పెళ్ళినాడు పంతులుగారన్న మాటల్లో ఒక్కటీ మర్చిపోలేదు ఆ పిల్ల. చావు కబురు ఎవరు మర్చిపోతారు? మంచం కోళ్ళలా నాలుగు. తోకలా మూడు. తోకలో నడిమిది. దాన్ని ఆనుకుని...

“అత్తయ్యా! ఉందండీ! పక్కనే ఉందండీ!” అని గొంతు చించుకుంది.

పేరిందేవమ్మ పరుగెత్తుకొచ్చింది, సూరన్న పరుగెత్తుకొచ్చాడు, ఆ కేకకి పక్కింట్లోంచి పంతులుగారు కూడా ఉత్తరీయం సర్దుకుంటూ వచ్చారు. ఏదే, ఎక్కడే అంది పేరిందేవమ్మ. కొబ్బరిమట్ట మీదున్న చుక్క చూపించి, అదేగా అంది. సూరన్న ఇంకో మూల చూపించాడు. పంతులుగారు వేలు మాత్రం ఉత్తరానికే పెట్టారు గానీ, తల పైకెత్తి, ఇన్నున్నాయేమిటర్రా అన్నారు.

“మీ పెళ్ళిలో చూశారుగా అత్తయ్యా?” అంది నాంచారు.

“చూశాననే అన్నాను. అందరూ అనేదేగా. మా అత్త మోచేత్తో పొడిచింది, అనేశాను.”

“మన పెళ్ళినాడు నేనూ అన్నాను” అన్నాడు సూరన్న, నేల చూసుకుంటూ.

పంతులుగారు మెడ రుద్దుకున్నారు. “మా నాన్నగారు ఈ దిక్కుకి వేలు పెట్టమన్నారు తల్లీ. పెడుతున్నాను. నేనెప్పుడు తలెత్తాను గనక?”

ఏంటి? నేను చూశానా అనా? నోర్మూసుకుని ఊ కొట్టు. నా పెళ్ళి పట్టపగలైంది.

నాంచారు నవ్వలేదు. అద్దాలు తీసింది. పైన కంబళి. పెట్టుకుంది. చుక్కలు. మళ్ళీ తీసింది. “ఒక్కరైనా నాకూ కనపడలేదని అనుంటే, నేనిన్నాళ్ళు చచ్చి ఉండేదాన్ని కాదుగా అత్తయ్యా” అంది. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

పేరిందేవమ్మ లోపలికెళ్ళి పెరుగన్నం కలిపి తెచ్చి, ముద్ద నోటికందించింది. నాంచారుకి మింగుడుపడలేదు. రెండో ముద్దా అంతే. ముసలావిడ మూడో ముద్ద పట్టుకుని అలాగే నిలబడింది. తాంబూలాలు ఆగిపోయాయని వేరే చెప్పాలా? పంతులుగారే ఆ రాత్రి వెళ్ళి రెండో సంబంధంవాళ్ళకి చెప్పొచ్చారు.

ఆ తరవాత అందరూ సుఖంగా ఉన్నారు అని చెప్పాలి, కథ కదా. చెప్తున్నాను. ఉన్నారు. కానీ అద్దాలు అలవాటైనంత త్వరగా బతకడం అలవాటు కాలేదు ఆ పిల్లకి. నేల కొన్నాళ్ళకే గోతిలోంచి పైకొచ్చింది, మెట్లు మెట్లలా నిలబడ్డాయి. పొద్దున్నే లేచి, అయ్యో ఇంకా ఉన్నానా అనుకోవడం మాత్రం చాన్నాళ్ళు పోలేదు. సూరన్న అరుగు మీద నుంచి పడక తీసుకొచ్చి లోపల వేసుకున్నాడు. వచ్చి, ఎదురుగా జానెడు దూరంలో కూర్చున్నాడు. నాంచారు అద్దాలు తీసి పక్కన పెట్టింది. ఆ దూరానికి ఆ పిల్లకి అద్దాలక్కర్లేదుగా. మాటలు ఇంకో వర్షాకాలానికి గానీ రాలేదు. వచ్చాయి గానీ.

అదర్రా సంగతి. ఎవరైనా కనపడలేదంటే శకునం చూడకండి, ముందు వాళ్ళ కళ్ళు చూడండి. మీకు కనపడకపోతే కనపడలేదనండి, పదిమందీ ఔనన్నా సరే.

కథకేం, దానికి కాళ్ళున్నాయి, కంచికి పోతుంది. నాంచారు మటుకు ఎక్కడికీ పోలేదు, తన ఇంట్లోనే ఉండిపోయింది. మనమూ మనింట్లోనే ఉన్నాం. దుప్పటి కప్పుకోండి.