లక్ష్మీస్థానంలో తీర్థం

నాలో ఒక సుగుణం ఉంది. ఏ శాస్త్రమైనా మొదటి పుట చదివితే చాలు, నాకు పూర్తిగా వచ్చేస్తుంది. తక్కిన పుటలు తిరగేసి గ్రంథకర్తను అనుమానించే అలవాటు నాకు లేదు.

ఒకానొక రాజ్యంలో అచ్చం నాలాంటి మహానుభావుడే ఆస్థాన వాస్తుపండితుడుగా ఉండేవాడు. పేరు కూర్మాచార్యులు. రాజు పేరు రణభైరవుడు. ఆయన యుద్ధమంటూ ఒక్కటీ చేయలేదు గానీ, బిరుదులకు మాత్రం లోటు రానీయలేదు.

రాజుగారు కొత్త అంతఃపురం కట్టదలిచారు. వానాకాలంలో ఒక సాయంత్రం ఆచార్యులు నల్లరేగడి నేలలో మూరెడు గుంత తీయించి, నిండా నీళ్లు పోయించారు. తెల్లారి చూస్తే చుక్క తగ్గలేదు.

"ప్రభూ! వచ్చినదాన్ని బయటికి పోనీయని నేల. సాక్షాత్తూ లక్ష్మీస్థానం!" అన్నారు.

గుంతలు తవ్వే ఓబులు తల గోక్కున్నాడు. "సామీ, ఈ నేల నీళ్లు తాగదు. మరుగుదొడ్డి గుంతన్నా ఆ పక్క ఎర్రగరుసు నేలలో తవ్వుదామా?"

"నీకు తెలిసింది గడ్డపార. శాస్త్రం నాకొదిలెయ్!"

ఓబులు గడ్డపార ఎత్తాడు.

గృహప్రవేశమైన నెలకల్లా మరుగుదొడ్డి గుంత పొంగింది. అంతఃపురమంతా ముక్కులు మూసుకుని తిరుగుతోంది. రాణిగారు పుట్టింటికి ప్రయాణం కట్టారు.

తప్పెవరిది? శాస్త్రానిది కాదు. ఆచార్యులవారిది అసలే కాదు. ఇక మిగిలింది ఓబులే కదా! "గుంత తవ్వడం చేతకాని ఈ వెధవను రేపు పొద్దుగుంకేలోగా గాడిదనెక్కించి పొలిమేర దాటించండి" అని రాజాజ్ఞ అయింది.

మర్నాడు పొద్దున్నే ఓబులు పెళ్లాం తిప్పక్క వచ్చింది. మొగుడు తవ్విన మట్టిని ఇరవై ఏళ్లుగా తట్టలో మోసిన మనిషి. ఆ రోజు మాత్రం చేతిలో తట్ట లేదు, హారతిపళ్లెం ఉంది. తిన్నగా ఆ పొంగిన గుంత దగ్గరికి పోయి, పసుపు కుంకుమలు చల్లి, గొంతెత్తి మంగళహారతి అందుకుంది. సంగతి తెలిసి రాజు, ఆచార్యులు, సభంతా అక్కడికి వచ్చిపడ్డారు.

"పిచ్చి పట్టిందా నీకు?" అన్నాడు రాజు, ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని.

"అదేంది దేవరా! వచ్చినదాన్ని పోనీయని నేలని ఆచార్లసామి చెప్పలా? మీ అంతఃపురంలో నుంచి వచ్చింది వచ్చినట్టే దాచింది తల్లి. దాచలేక పొంగిపొర్లుతాంది. ఇంత ఐశ్వర్యం ఏ రాజుకుంది?"

అని పళ్లెంలో తెచ్చిన రాగిచెంబు గుంతలో ముంచి, ఆచార్యుల ముందుకు చాచింది.

"లక్ష్మీస్థానంలో పొంగిన తీర్థం. మొదట గురువులే పుచ్చుకోవాల. చెయ్యి పట్టు సామీ!"

ఆచార్యులు మూడడుగులు వెనక్కి వేశారు. "ఛీ, ఛీ! ఇది తీర్థమేమిటి?"

"తీర్థం కాకపోతే ఇది లక్ష్మీస్థానం కాదు. లక్ష్మీస్థానం కాకపోతే మా ఆయన గాడిదెందుకు ఎక్కాల? ఏదో ఒకటి మింగు సామీ. తీర్థమైనా సరే, నువ్వు చెప్పిన మాటైనా సరే."

ఆచార్యులు చెంబు వైపు చూశారు. రాజు వైపు చూశారు. "నేల మంచిదే... గుంతకు మాత్రం..."

"గట్టిగా చెప్పండి!" అన్నాడు రాజు.

"గుంతకు పనికిరాదు ప్రభూ! ఓబులు ముందే చెప్పాడు."

రాజు విరగబడి నవ్వాడు. నవ్వులో ఉత్తరీయం జారింది. వెంటనే నవ్వు ఆపేశాడు.

"ఓబులును వదలండి. కొత్త గుంత ఎర్రగరుసులో తవ్వుతాడు. మట్టితట్ట ఆచార్యులవారు మోస్తారు. నీకేం కావాలమ్మా?"

"ఇల్లేసుకోను ఎర్రగరుసులో కాస్త చోటు, జొన్న ఏసుకోను నల్లరేగట్లో ఒక చెక్క పొలం."

"రెండు చోట్లా కావాలా? ఆశకు అంతుండాలి!"

"ఏ నేలా అన్ని పనులకూ రాదు దేవరా. అన్నీ వచ్చేది పండితులకే."

రాజు మళ్లీ నవ్వి, రెండూ ఇచ్చాడు.

ఈ కథ నాకు చిన్నప్పటి నుంచీ కంఠస్థం. అయినా రేగట్లో కట్టిన నా ప్రహరీగోడ ఏటా పగులుతూనే ఉంది, మల్లెపాదులో నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లుతూనే ఉన్నాయి. తవ్వేముందు, తవ్వే మనిషిని ఒక్కమాట అడగడం నేనింకా నేర్చుకోలేదు.