ఇద్దరికి బిగించిన స్ప్రింగు

పోయిన శ్రావణంలో చిలకమ్మకి అన్యాయం జరిగింది. కొండ మీది ఊళ్ళన్నిటికీ జ్వరం మందులు మోసిన నర్సు, తన జ్వరానికి మందు రాక చచ్చిపోయింది. కింద నుంచి మందు రాలేదు గానీ దండ వచ్చింది. దండతో ఫొటో తీయడానికి మనిషి కూడా వచ్చాడు.

ఆమెను ఛార్జింగ్ బండి వెనక కూర్చోబెట్టుకుని రాళ్ళదారుల్లో తిప్పినవాడు మొగుడు బొంజుబాబు. ఇప్పుడు మందులపెట్టె వీపుకి కట్టుకుని ఒక్కడే వెళ్తున్నాడు. వెళ్ళి పడుతున్నాడు. మొన్న టీకాల సీసాలు పగిలాయి. ఇంకోసారి పగిలితే బండి లాక్కుంటామన్నారు కింది ఆఫీసువాళ్ళు. బండి పోతే కొండ మీది పిల్లలకి సూదే లేదు.

అతనికి కొండదారుల్లో బండి నడపడం నేర్పింది దాలమ్మ. ఘాటీ రోడ్డు మొదట్లో ఆమె బండ్లు బాగుచేసే షెడ్డు. బండి తోసుకుంటూ అక్కడికే వచ్చాడు.

"అత్తా, వెనక షాకప్ పోనాది. రాయి తగిలితే సాలు, గాడిదలాగ తన్నేస్తంది. కొత్తది ఏసీయి."

"గాడిద బండో నువ్వో ముందు సూడనీ."

వంగి చూసింది. షాకప్ నుంచి చుక్క నూనె కారలేదు. స్ప్రింగు మీది రింగు మాత్రం గట్టిగా బిగించి ఉంది. ఇద్దరి బరువుకని ఒకప్పుడు తనే బిగించింది. ఒక్కడు ఎక్కితే ఆ స్ప్రింగు కుంగదు. రాయి దెబ్బంతా తెచ్చి మనిషికే కొడుతుంది.

ఆ ముక్క చెప్పి పంపేయొచ్చు. చెప్పలేదు. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని వెనక సీటెక్కింది.

"పోనీరా."

"ఎక్కడికత్తా?"

"నీకు పడిపోడానికి ఇష్టమైన దారుంది గదా. అటు."

షెడ్డు వెనక ఎండిన వాగులోకి దించాడు. ఇంజను చప్పుడు లేని బండి. టైర్ల కింద రాళ్ళు కదిలే చప్పుడొక్కటే. గుండ్రాళ్ళ మీద స్ప్రింగు కుంగింది, మెత్తగా లేచింది. ఒక్కసారీ తన్నలేదు. ఒక మలుపులో దాలమ్మ ఆసరాకని అతని భుజం మీద చెయ్యి వేసింది. బండి నెమ్మదైపోయింది. ఆమె చెయ్యి తీసేసి సీటు పట్టుకుంది.

తిరిగొచ్చి షెడ్డు ముందు ఆపాడు. వెనక్కి తిరగలేదు.

"తన్నిందేట్రా?"

"నేదత్తా."

దాలమ్మ దిగింది. ఆమె దిగగానే బండి వెనకభాగం పైకి లేచి అక్కడే నిలబడింది.

"మనిషి నేదని బండికింకా సెప్పనేదేట్రా?"

బొంజుబాబు హ్యాండిల్ మీద తల ఆనించాడు. ఆమె ఓదార్చలేదు. లోపలికి వెళ్ళి రింగు వదులు చేసే కొక్కెం పానా తెచ్చి సీటు మీద పెట్టి, ఘాటీ వైపు తిరిగి నిలబడింది.

చాలాసేపటికి పానా చప్పుడు వినిపించింది. రింగు మొదట కదల్లేదు. తరవాత కదిలింది.

ఆ షెడ్డులో స్ప్రింగు సరిచేసినప్పుడల్లా, ఎందరి బరువుకో బండివాళ్ళే మడ్‌గార్డు లోపల పెయింటుతో రాసుకోవాలి. అక్కడ "ఇద్దరికి" అని చిలకమ్మ చేతిరాత ఉంది. అతను దాన్ని చెరపలేదు. దాని కింద రాశాడు:

ఒకడికి. నవంబరు 19.