ఎడంచేతి కుట్టు

కొండలింకా ఎదుగుతున్న కాలంలో ఒక దొర ఉండేవాడట. ఎదురుచెప్పిన ఊళ్ళని తెచ్చి ముళ్ళకంచెలో తోసేవాడు. పగలంతా వాళ్ళచేత గోనెసంచులు కుట్టించి, పని కాగానే దబ్బనాలు లాగేసుకునేవాడు. తమకోసం ఒక్క కుట్టు వేసుకున్నా సున్నపు బట్టీకే. బట్టీకి పోయినవాళ్ళు తిరిగొచ్చింది లేదు.

ఆ కంచెలో పారమ్మ ఉండేది. నలుగురిలో నోరు విప్పని మనిషి.

మంచు కురిసే నెలలో పక్క పాకలో అప్పలనర్సి ఆడపిల్లని కంది. చలికి బిడ్డ నీలమైపోతోంది.

"దక్కదేమో పిన్నీ" అంది అప్పలనర్సి.

పారమ్మ లేచింది. ముసలి గవరయ్యని తలపాగా అంచు అడిగింది. చింపి ఇచ్చాడు. దాలమ్మని పైటకొంగు అడిగింది. చింపి ఇచ్చింది. మూడో ముక్క తన చీరదే. పురిటిబిడ్డకి పాతగుడ్డే మంచిదంటారు కదా, అక్కడ పాతవి తప్ప ఏమున్నాయి! కంచెలోంచి తుమ్మముల్లు విరిచి, దాని మొదట్లో పోగు ముడేసి, గోనెల కింద చేతులు దాచుకుని కుట్టింది. చొక్కా తొడిగిన కాసేపటికి బిడ్డ కేరుమంది. కంచెంతా నవ్వింది.

ఆ ఏడుపు విని కాపలా జమాదారు వచ్చాడు. చొక్కా విప్పి తిప్పి చూశాడు. కుట్లు వంకరటింకర, అన్నీ ఎడమకి ఒరిగున్నాయి.

"ఇది ఎడంచేతి కుట్టు. ఒక్కొక్కరూ నా ముందు కుట్టండి, పట్టేస్తాను" అన్నాడు.

పారమ్మది ఎడంచేతి వాటం. దొరికితే మనిషీ బట్టీకే, చొక్కా బట్టీకే.

ముందు గవరయ్య కూర్చున్నాడు. దబ్బనం ఎడంచేత్తో పట్టాడు. తరవాత దాలమ్మ. ఆమె కూడా ఎడంచేత్తోనే.

"వేలు పొడుచుకుంటున్నావేమే ముసలిదానా!" అన్నాడు జమాదారు.

"మా అత్త ఇలాగే నేర్పింది బాబూ" అంది దాలమ్మ, నెత్తురు చీరకి తుడుచుకుంటూ.

వరసంతా ఎడంచేతులే, వంకర కుట్లే. చివర పారమ్మ. చేతిలో ముల్లు కాదు, దబ్బనం పడింది. ఎడమదే ఆమెకి అలవాటైన చెయ్యి, కుట్టు గీత గీసినట్టొచ్చింది.

"ఇది తిన్నగా ఉంది. నువ్వు కాదు, పో" అన్నాడు జమాదారు.

"మరి మమ్మల్నందర్నీ బట్టీలో వేస్తే సంచులు మీరు కుడతారా బాబూ?" అంది దాలమ్మ.

జమాదారు మొహం మాడ్చుకుని చొక్కా విసిరేసి పోయాడు. అప్పలనర్సి దాన్ని నేల తాకనివ్వలేదు.

ఆ ఏటి వానల్లో పారమ్మ జ్వరంతో పోయింది. తరవాతెప్పుడో కంచె కూలింది, ఆమె చూడలేదు. పిల్ల బతికింది, పిల్లల్ని కంది.

ఇప్పటికీ ఆ కొండల కింద బిడ్డ మొదటి చొక్కాకి ఇరుగూపొరుగూ తలో కుట్టు ఎడంచేత్తో వేస్తారు, మగవాళ్ళు కూడా. వేళ్ళు పొడుచుకుంటారు, వెక్కిరించుకుంటారు. ఎవరి కుట్టైనా తిన్నగా వచ్చిందా, "పారమ్మొచ్చింది, పారమ్మొచ్చింది" అంటూ బిడ్డని తెచ్చి వాళ్ళ ఒళ్ళో పెడతారు.